పాసు మార్కు పెంచిన ఏడాది

నలభై అనే రాసి ఉంది. ఆ కాగితాన్ని మా గ్రంథాలయం నోటీసు బోర్డుకు నాలుగు గుండుపిన్నులతో గుచ్చింది నేనే. డిగ్రీ లేని వైద్యులకు సర్కారు పెట్టే పరీక్షలో వందకు నలభై వస్తే పాసు. పాసైనవారికి లైసెన్సు. కానివారు ఇకమీదట వైద్యం చేయరాదు. ఈ అవకాశం ఒక్కసారి మాత్రమే. అడుగున పచ్చ సిరా సంతకం, పక్కన గుండ్రటి ముద్ర. ముద్ర ఒక అంచు సరిగా పడలేదని కూడా నాకు గుర్తుంది. ఇన్నేళ్ల తరువాత ఎవరైనా వచ్చి, అది మొదటి నుంచీ యాభయ్యే, ముసలితనంలో నీకే మతి తప్పిందంటే నేను ఒప్పుకోను.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. పన్నెండో ఏడు దాకా గొర్లు కాశాను. బస్సుల నుదుటి మీద ఊరి పేర్లు చూసి అక్షరాలు పట్టుకున్నాను, చిట్యాలలో ‘చి’, మర్రిగూడలో ‘మ’. తరువాత మర్రిగూడ పక్కన మా ఊళ్ళో శాఖా గ్రంథాలయం పెడితే ఊడ్చేపనికి కుదిరాను. ఊడుస్తూ ఒక్కొక్క అలమర చదివేశాను. చదువు నాకు ఎవరూ పెట్టలేదు కనుక చదువుకున్నవాళ్ళంటే భయం లేకుండా పోయింది. భయం లేకపోవడం మంచిదని చాలా ఏళ్లు అనుకున్నాను.

పరీక్ష రాయవలసినవాడు నా భార్య తమ్ముడు. ఏడో తరగతి చదివి, ఊళ్ళో దవాఖాన నడిపే ఒక ముసలి డాక్టరు దగ్గర కంపౌండరుగా చేరాడు. పదేళ్లు చేశాడు. డాక్టరుకు చూపు తగ్గి కూతురు హైదరాబాదుకు తీసుకుపోతుంటే, ఆయన మందుల బీరువా తాళంచెవి మా బామ్మర్ది చేతిలో పెట్టి వెళ్లాడు. ఆ రోజు నుంచి ఏడేళ్లుగా ఆ రెండు గదులు ఇతనివే. డిగ్రీ లేకుండా వైద్యం చేసేవారిని మా వైపు ఆరెంపీ అంటారు. ఆ మాటలో సగం మర్యాద, సగం ఎగతాళి. ఇతను జ్వరాలు చూసేవాడు, పుండ్లకు కట్లు కట్టేవాడు, వాంతులూ విరేచనాలూ పట్టుకున్న పిల్లలకు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తన చేత్తోనే చెంచాతో తాగించేవాడు. తనకు అంతుపట్టని కేసైతే రోడ్డు మీదికి పోయి నల్లగొండ బస్సు ఆపి, మనిషిని ఎక్కించి, డ్రైవరుకు సర్కారు దవాఖాన ముందు దింపమని చెప్పి వచ్చేవాడు. రోగి బతికితే ఆ పేరు నల్లగొండ డాక్టరుకే పోయేది. దానికి అతను బాధపడగా నేను చూడలేదు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా గ్రంథాలయం మూసి ఉంటుంది. ఆ రెండు గంటలు అతణ్ణి కూర్చోబెట్టి చదివించాను. మూడు నెలలు.

మొదటి రోజే అలమరల వంక చూసి అన్నాడు, “ఏం బావ, గివన్ని నువ్వే సదివినవా?”

“కొన్ని ఎలుకలు సదివినయి. మిగిలినయి నేను.”

“గందుకే ఎలుకలు జర తెలివిగున్నయి మీ ఇంట్ల. మొన్న మా అక్క బోను పెడితే ఒక్కటి పడలే.”

“బోనుల పడ్డది నేనొక్కన్నే. మీ అక్కను జేసుకొని.”

మా మాటలన్నీ ఇలాగే ఉండేవి. బావా బామ్మర్దుల మధ్య ఎగతాళి లేకపోతే పలకరింపు లేనట్టే. మా పెళ్లినాడు పదేళ్లవాడుగా నా చెప్పులు దాచింది మొదలు ఇద్దరమూ ఒక్క రోజు కూడా తిన్నగా మాట్లాడుకున్నది లేదు.

అతనికి పని వచ్చు, రాత రాదు. పామును చూసి భయపడ్డవానికీ నిజంగా కాటుపడ్డవానికీ తేడా ఎట్లా తెలుస్తుందని అడిగితే గడగడా చెప్పేవాడు. రాయమంటే కలం పట్టుకుని కిటికీలోంచి బయటికి చూసేవాడు. నేను అతను చెప్పింది వాక్యంగా మార్చి ఇచ్చేవాణ్ణి, అతను దాన్ని నాలుగుసార్లు రాసేవాడు. నాకు అందులో గర్వం ఉండేది. దాచడం దేనికి.

ఆరోగ్య కార్యకర్తల కోసం అచ్చువేసిన పుస్తకంలో ఆరోగ్యవంతుడైన బిడ్డ గురించి ఒక పాఠం ఉంది. పళ్ళు పాలలా తెల్లగా ఉంటాయని రాసి, పక్కన ఒక పిల్లవాడు నవ్వుతున్న బొమ్మ వేశారు. మా బామ్మర్ది ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

“గిసొంటి పోరడు యాడున్నడు బావ? నేనైతే సూడలే.”

ఇక్కడ మా నీళ్ల సంగతి కొంచెం చెప్పాలి. మా బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉందని, అవి మంచివి కావని అప్పటికే అందరికీ తెలుసు. సర్కారు మనుషులు వచ్చి సీసాల్లో పట్టుకుపోయేవారు. వంకర తిరిగిన కాళ్ళను, నిటారుగా లేవని నడుములను రోగమనే అన్నాము. కాని పళ్ళ మీది గారను మాత్రం ఎవరూ రోగం కింద కట్టలేదు. ఊళ్ళో ప్రతి నోట్లో ఉన్నదాన్ని రోగమని ఎట్లా అంటారు? పాలపళ్ళు ఊడి, కొత్తవి వచ్చి, ఏడెనిమిదేళ్లకు వాటి మీద గోధుమరంగు చారలు తేలితే మా అవ్వలు సంతోషించేవారు. “పోరనికి పళ్ళు పండినయ్” అనేవారు. కాయ పండితే రంగు తిరిగినట్టు పన్ను పండితే రంగు తిరుగుతుందని, ఇక జొన్నరొట్టె ఎంత గట్టిదైనా నములుతాడని లెక్క. నా పళ్ళు పండాయి. నా భార్యవి, బామ్మర్దివి పండాయి. వేరే జిల్లాల నుంచి వచ్చే టీచర్ల తెల్లటి పళ్ళు చూస్తే మాకు అవి ఇంకా పచ్చివిగా, చిన్నపిల్లల పళ్ళలా అనిపించేవి.

“మరి పరీక్షల ఏం రాయాలె? తెల్లగుంటయనా, పండుతయనా?” అని అడిగాడు.

నేను ఆలోచించనైనా లేదు. “గా పుస్తకం రాసినోడు కాలువ నీళ్ళు తాగినోడు. వానికేం ఎరుక మన పిల్లల నోరు? పేపరు దిద్దేది మన జిల్లల మన మనిషే. అందరు బట్టీపట్టి తెల్లగ తెల్లగ అని రాస్తరు. నువ్వు కండ్లతోని చూసింది రాయి. గా వంద పేపర్లల్ల నీదొక్కటే నిలబడ్తది.”

“నువ్వు చెప్తే గంతే బావ,” అన్నాడు. ఆ మాట అతను ఎగతాళిగా అనలేదు. మా ఇద్దరి మధ్య ఎగతాళి లేని మాటలు ఎంత తక్కువో చెప్పాను కదా, అందుకే అది గుర్తుండిపోయింది.

పరీక్ష నల్లగొండలో ఒక కాలేజీలో పెట్టారు. నేను కూడా వెళ్లి గేటు బయట నిలబడ్డాను. పరీక్ష రాయడానికి వచ్చినవారిలో ఎక్కువమంది ఏళ్లు మీదపడ్డవారే. దేవరకొండ వైపు నుంచి, మహబూబ్‌నగర్ సరిహద్దు పల్లెల నుంచి వచ్చారు. సూది పెట్టెలు పట్టుకుని తిరిగిన చేతుల్లో అట్టలు, కలాలు. ఒకాయన తల మీది టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకుని, గడ్డం సవరించుకుని, పెళ్ళిచూపులకు పోతున్నట్టు లోపలికి పోయాడు.

మూడు గంటల తరువాత మా వాడు బయటికి వచ్చి దూరం నుంచే చెయ్యి ఊపాడు.

“వచ్చింది బావ. పళ్ళ ముచ్చట. ఎనిమిది మార్కులది.”

“రాసినవా?”

“పండబెట్టిన.”

బస్టాండులో మిరపకాయ బజ్జీలు తిన్నాము. బస్సులో ప్రశ్న వెంట ప్రశ్న తీసి మార్కులు వేసుకున్నాము. నేను ఎంత గట్టిగా కోతపెట్టినా నలభై దాటుతూనే వచ్చింది. మా ఊరు వచ్చేసరికి అతను దవాఖాన తలుపుకు ఏ రంగు వేయించాలనే దాకా వెళ్లాడు.

నెలన్నర తరువాత ఒక ఉదయం గ్రంథాలయం తెరిచి, పేపరును బల్ల మీద పరిచే ముందు అలవాటుగా నేనే మొదట చదివాను. నాలుగో పేజీలో కింద చిన్న వార్త. ప్రజల ప్రాణాల రక్షణ దృష్ట్యా పరీక్ష ఉత్తీర్ణతకు కనీస మార్కులను నలభై నుంచి యాభైకి పెంచినట్టు అధికారులు తెలిపారు. జరిగిపోయిన పరీక్షకు కూడా ఇది వర్తిస్తుంది. అంతే. పక్కన పత్తి మందు ప్రకటన దీనికి నాలుగింతలు ఉంది.

మూడుసార్లు చదివాను. తరువాత నేను చేసిన పని నా ఉద్యోగంలో అంతకు ముందు చేయలేదు, ఆ తరువాతా చేయలేదు. పేపరు చింపేవాళ్ళను మెడపట్టి బయటికి పంపినవాణ్ణి, ఆ పేజీ విడదీసి మడిచి బనీనులో పెట్టుకున్నాను. నాలుగో పేజీ ఏదని ఒకరిద్దరు అడిగితే రాలేదన్నాను.

చెప్పాలనుకున్నాను. ఆ రోజు దవాఖాన ముందు జనం ఉన్నారు, చెప్పలేదు. మరునాడు అతనే మా ఇంటికి వచ్చి అక్కతో నవ్వుతూ మాట్లాడుతుంటే చెప్పలేదు. మార్కులు యాభై దాటే వస్తాయేమో, వస్తే ఈ వార్తతో పనే లేదు కదా అనుకున్నాను. వారం గడిచింది.

ఎనిమిదో రోజు పొద్దున గ్రంథాలయం మెట్ల మీద అతను కనిపించాడు. చేతిలో ఒక కవరు, రెండో చేతిలో లడ్డూల పొట్లం. అప్పటికే పొట్లం సగం ఖాళీ. వీధి పొడవునా పంచుకుంటూ వచ్చాడు.

“నలభై నాలుగు బావ. సర్కారు అడిగినదానికన్న నాలుగెక్కువే ఇచ్చిన. నోరు తెరువు.”

లడ్డూ నా నోట్లో పెట్టాడు. కవరులోని కాగితం తీసి చూశాను. పేరు, తండ్రి పేరు, మార్కులు 44, ఫలితం: అనుత్తీర్ణుడు.

“ఇది చదివినవా?”

“సదివిన. ఉత్తీర్ణుడంటే పాసే గద. నువ్వే చెప్పినవు.”

అవును, నేనే చెప్పాను. ముందు ‘అను’ ఉంటే ఏమవుతుందో చెప్పలేదు, ఆ అవసరం వస్తుందనుకోలేదు. బనీనులో పెట్టుకుని తిరుగుతున్న ఆ పేపరు పేజీ తీసి అతని ముందు పెట్టాను. వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. చదివిన తరువాత పైన తేదీ చూశాడు.

“గిది వారం కిందటిది.”

“అవును.”

“ఎరుకేనా నీకు?”

నేను తల ఊపాను. అతను పొట్లం కట్టిన దారం మళ్ళీ ముడివేశాడు. వీధిలోకి చూసి, “గిప్పుడు పంచినోళ్ల దగ్గరికి పోయి ఏమని చెప్పాలె?” అన్నాడు. నా మీద కోపంగా కాదు, నిజంగానే దారి చెప్పమని అడిగినట్టు.

ఆ కోపమంతా నాకే వచ్చింది. మరునాడే అతణ్ణి వెంటబెట్టుకుని నల్లగొండ ఆఫీసుకు పోయాను. నోటీసు బోర్డు నుంచి తీసిన కాగితం, నాలుగు పిన్నుల చిల్లులతో సహా, అధికారి బల్ల మీద పెట్టాను. ఆయన మర్యాదగానే కూర్చోమన్నాడు. మా వైపు మనిషే.

“రాసినంక మారుస్తరా సార్? నలభై అంటిరి. గొర్రెను కాటా మీద పెట్టినంక తూకం రాయి మార్చినట్టున్నది.”

ఆయన కాగితం చదివి పక్కన పెట్టాడు. “పెద్దాయనా, నలభై వచ్చిందంటె అరవై తప్పని కూడ అర్థం. నీ మనుమరాలికి జ్వరమొస్తే, వందల అరవై తప్పు చేసేటోని దగ్గరికి తోలుతవా?”

“ఇతను పదిహేడేండ్ల సంది చేస్తున్నడు. అప్పుడు లేని తప్పు...”

“ఇతను చేస్తడు. ఇతనొక్కనికి ఇస్తే, ఇతని పేరు చెప్పుకొని ఇంకొకడు వస్తడు. వాన్నెట్ల ఆపాలె నేను?”

అయినా రాసినవాడి చేతిలో కలం పెట్టి ఒక లెక్క చెప్పి, కలం కింద పెట్టాక ఇంకో లెక్క చెప్పడం అన్యాయమని అన్నాను, గట్టిగానే అన్నాను, పక్క గదిలోవాళ్ళు తొంగిచూశారు. ముందే యాభై అని ఉంటే యాభైకి చదివేవాళ్ళం. ఇది ఈనాటికీ నా మాట.

ఆయన విసుక్కోలేదు. గుమాస్తాను పిలిచి మా వాడి జవాబు పత్రం తెప్పించాడు. చూసుకుంటే మీకే తృప్తి అని మా ముందు పెట్టాడు. బహుశా మంచితనంతోనే.

పేజీలు తిప్పాను. జ్వరానికి పూర్తి మార్కులు. నీళ్ల విరేచనాలకు పూర్తి మార్కులు. రాత తడబడ్డ చోట్ల సగం సగం. తరువాత పళ్ళ ప్రశ్న. అతను నీటుగా, నేను నేర్పిన వాక్యంతోనే మొదలుపెట్టాడు: “ఆరోగ్యవంతుడైన బిడ్డకు ఎనిమిదేళ్ల వయసులో పళ్ళు పండుతాయి. పండిన పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉంటాయి. ఇది పళ్ళు గట్టిపడినదానికి గుర్తు.” దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత, ఎనిమిదికి సున్నా. పక్కన చిన్న అక్షరాలతో: ఇది వ్యాధి లక్షణం. అభ్యర్థి వ్యాధిని ఆరోగ్యంగా భావిస్తున్నాడు.

నలభై నాలుగుకు ఎనిమిది కలిపితే యాభై రెండు.

ఆ లెక్క నేను వేశాను. అతనూ వేశాడు. పెదవులు కదలడం నాకు కనిపించింది. అతను నా వైపు చూడలేదు. ఆ కాగితాన్ని రెండు చేతులా సర్ది, అంచులు కలిపి, గుమాస్తాకు ఇచ్చాడు. అధికారికి దండం పెట్టి బయటికి నడిచాడు. నేను చిల్లులు పడిన నా నోటీసు కాగితం తీసుకోవడం కూడా మరిచి వెనక వచ్చాను.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాము. నేను తప్పు ఒప్పుకోవాలని రెండుమూడుసార్లు మొదలుపెట్టాను. “గా పళ్ళ సంగతి...” అన్నాను. అతను కిటికీ జరుపుతూ, “ఎండ కొడ్తాంది మీకు, ఇటు జరుగుండ్రి” అన్నాడు. ఇరవై ఏళ్లలో నన్ను మీరు అనడం అదే మొదటిసారి. ఇంటికి పోయాక మా ఆవిడ అడిగితే, సర్కారు పాసు మార్కు పెంచింది అక్కా, గంతే అన్నాడు. ఎనిమిది మార్కుల మాట అప్పుడూ చెప్పలేదు, ఎప్పుడూ చెప్పలేదు. ఆమె పోయేదాకా సర్కారునే తిట్టింది. నేనూ ఆమెతో కలిసి తిట్టాను.

నెలాఖరుకు దవాఖాన తలుపు మూతపడింది. చాలామంది లైసెన్సు లేకుండానే చాటుమాటుగా నడిపారు, మా చుట్టుపక్కల అటువంటివి ఎన్నో ఉండేవి. నువ్వూ నడుపు, ఎవరొచ్చి అడుగుతారని ఊళ్ళోవాళ్ళు బతిమాలారు. అతను వినలేదు. జ్వరంతో వచ్చినవాళ్ళను గుమ్మంలోనే ఆపి బస్సు వేళ చెప్పేవాడు. అందరూ దాన్ని పట్టుదల అన్నారు. నాకు అది పట్టుదలలా కనిపించలేదు. పదిహేడేళ్లుగా ఎంతమంది పిల్లల నోరు తెరిపించి, గార చూసి, బాగున్నడు తీసుకపోండ్రి అని పంపాడో అతను లెక్కపెట్టుకుంటున్నాడని నాకు అనుమానం. నేను అడగలేదు. అడిగితే ఏం జవాబు వస్తుందోనని భయం. ఏ చదువుకున్నవాడి ముందూ నాకు కలగని భయం అది.

రెండేళ్ల తరువాత చిట్యాలలో హైవే మీద ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డుబాయిగా చేరాడు. అప్పటికి అతని జుట్టు సగం నెరిసింది. పండుగలకు వచ్చేవాడు, అక్క పెట్టింది తినేవాడు, పెద్దవాడినని నాకు దండం పెట్టేవాడు. నేను ఎన్నోసార్లు ఎగతాళికి దిగాను. మీ అక్క కూరలో ఉప్పు వేయడం ఈ జన్మలో నేర్వదన్నాను. “గట్లేం లేదండి, మంచిగనే ఉన్నది” అన్నాడు.

తొంభైల మధ్యలో ఒకసారి నా దగ్గు తగ్గక ఆ ఆసుపత్రికే వెళ్లాను. పిల్లల గది తలుపు తెరిచి ఉంది. ఐదారేళ్ల పాప మంచం మీద సొమ్మసిల్లి ఉంది, తల్లి కాళ్ళ దగ్గర ఏడుస్తోంది. చదువు అప్పుడే పూర్తయిన కుర్ర డాక్టరు సెలైను ఎక్కించడానికి నరం వెతుకుతున్నాడు. మా బామ్మర్ది ఖాకీ చొక్కాతో పాప చెయ్యి కదలకుండా పట్టుకుని ఉన్నాడు. డాక్టరు సూది ఒకసారి గుచ్చాడు, నరం అందలేదు. రెండోసారి గుచ్చాడు, అందలేదు. డాక్టరు నుదుటి మీద చెమట. “సరిగ పట్టుకోవయ్యా” అని మా వాణ్ణి కసిరాడు.

“పట్టుకున్న సార్” అన్నాడు అతను.

నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అతను పాప చెయ్యిని కొంచెం లోపలికి తిప్పాడు. మణికట్టు పైన ఒకచోట బొటనవేలు ఆనించి, మెల్లగా చర్మాన్ని కిందికి లాగి పట్టాడు. ఆ వేలికి పైన నరం నీలంగా తేలింది. అతను దాని వైపు చూడలేదు, గోడ వైపు చూస్తున్నాడు. మూడోసారి సూది అందింది. డాక్టరు ఊపిరి వదిలి, “ఇట్ల పట్టాలె, నేర్చుకో” అన్నాడు.

“అట్లనే సార్.”

గుడ్డతో నేల మీది రెండు రక్తపు చుక్కలు తుడిచి, బకెట్టు తీసుకుని బయటికి వస్తూ నన్ను చూశాడు. నేను చూశానని అతనికి తెలిసింది. ఏదో ఒకటి అనాలి, బావా బామ్మర్దులం కదా, నవ్వులాటగానైనా అనాలి. పక్కకు జరిగి అతనికి దారి ఇచ్చాను.

“బెంచీ మీద కూసోండ్రి,” అన్నాడు. “ఇంకా నలుగురున్నరు మీ ముందు.”

కూర్చున్నాను. అతను బకెట్టుతో వరండా చివరి దాకా పోయి, మెట్లు దిగి, వెనక కుళాయి వైపు తిరిగాడు. నా పేరు పిలిచేదాకా నీళ్ళు పడుతున్న చప్పుడు వింటూనే ఉన్నాను.